మన ఆఫీసు కంప్యూటర్ తొందరగా తెరుచుకోవడానికి మేము చేసిన పని

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కొనుగోళ్ళ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇంతకు ముందు మాట్లాడినవాళ్ళు పొదుపుల గురించి, అప్పుల రికవరీ గురించి, స్త్రీనిధి గురించి వివరంగా చెప్పారు. మేము కంప్యూటర్ గురించి చెప్పడానికి లేచాం. మా ఉపసంఘంలో అయిదుగురం ఉన్నాం. మాలో ఎక్కువ చదువు పదో తరగతి. అయినా ఇది మీ అందరి డబ్బుకు, మీ అందరి కూలికి సంబంధించిన సంగతి కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

మన సమాఖ్య ఆఫీసులో కంప్యూటర్ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టేదో మీలో చాలామంది చూసినదే. అకౌంటెంట్ చెల్లెలు పొద్దున స్విచ్ వేసి, ఆఫీసు ఊడ్చి, నీళ్ళు పట్టి, టీ తాగి వచ్చినా ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. చెనక్కాయ పనుల రోజుల్లో రెండు గ్రామ సంఘాల వాళ్ళు లోన్ కాగితాల కోసం ఆటో మాట్లాడుకుని పొద్దున్నే వచ్చారు. వేలిముద్ర వేసి పదింటికల్లా వెళ్ళిపోతే సగం కూలి అన్నా దక్కుతుందని వాళ్ళ ఆశ. కంప్యూటర్ తెరుచుకుని, మధ్యలో బిగుసుకుపోయి, మళ్ళీ తెరుచుకునేసరికి ఒంటిగంట దాటింది. పధ్నాలుగు మందికి ఆ రోజు కూలి పోయింది. చంటిబిడ్డతో మెట్ల మీద కూచున్న ఒక అక్క, "మా డబ్బు మాకు ఇయ్యడానికి మీ పెట్టెకు ఇంత నిద్ర ఏంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ నెల ఈసీ మీటింగులో కొత్త కంప్యూటర్ కొనాలని తీర్మానం వచ్చింది. రిపేరు చేసే అతన్ని పిలిస్తే వచ్చి రెండు నిమిషాలు చూసి, "ఇది ముసలిదైపోయిందమ్మా, పక్కన పడేసి కొత్తది తీసుకోండి" అని 46 వేలకు కొటేషన్ ఇచ్చాడు. సంతకాలు పెట్టబోతుంటే మాలో ఒకరికి ఒక మాట గుర్తొచ్చింది. ఒక చెల్లెలు కుట్టుమిషను కోసం 12 వేలు అడిగితే మూడు మీటింగులు మాట్లాడి, ఇల్లు చూసి, పని చూసి ఇచ్చాం. మరి 46 వేలు ఒక్క మాట మీద ఎట్లా ఇస్తాం? ఇదే మాట ఈసీలో చెప్తే, పదిహేను రోజులు గడువు ఇచ్చి, చూడమని మాకే అప్పజెప్పారు.

మొదట మేము చేసింది లెక్క రాయడం. స్విచ్ వేసిన దగ్గర నుండి అకౌంట్ల పేజీ తెరుచుకునే వరకు ఎంతసేపో ఫోన్ చూసి మూడు రోజులు నోటుబుక్కులో రాశాం. 22 నిమిషాలు, 24 నిమిషాలు, 21 నిమిషాలు. లెక్క లేకపోతే తర్వాత బాగుపడిందో లేదో చెప్పలేం కదా.

మా సంఘ సభ్యురాలి కూతురు డిగ్రీలో కంప్యూటర్లు చదువుతోంది. సెలవుల్లో ఇంటికి వస్తే పిలిపించాం. ఆ పాప కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు ఒకేసారి నొక్కమంది. టాస్క్ మేనేజర్ అని ఒక పట్టీ వచ్చింది. లోపల ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో అందులో కనిపిస్తుంది. అక్కడ డిస్క్ అనే చోట 100 శాతం అని ఎర్రగా ఉంది. ఎంతసేపు చూసినా అది దిగడం లేదు.

అది మాకు ఎట్లా అర్థమైందంటే, వీధిలో కొళాయి ఒక్కటే. నీళ్ళు వదలగానే ముప్పై బిందెలు ఒకేసారి వస్తే ఎవరి బిందే తొందరగా నిండదు. కంప్యూటర్‌లో పాత రకం హార్డ్ డిస్క్ ఆ కొళాయి లాంటిది. లోపల ఒక పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. స్విచ్ వేయగానే పది ప్రోగ్రాములు నాకంటే నాకని మీద పడితే ఆ చెయ్యి ఎక్కడికని పోతుంది?

ఆ పట్టీలోనే స్టార్టప్ అనే భాగం ఉంది. స్విచ్ వేయగానే మనం అడగకుండానే లేచే ప్రోగ్రాములు అక్కడ ఉంటాయి. మన దాంట్లో 19 ఉన్నాయి. వీడియో మీటింగుల యాప్, పాటల యాప్, ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్ తాలూకుది, ఆఫీసుకు వచ్చినవాళ్ళు ఎవరో ఎక్కించిన ఆటది కూడా. ఒక్కోదాని పక్కన అది ఎంత బరువో హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. అక్కర్లేని దాని మీద కుడి మీట నొక్కి డిజేబుల్ అంటే, రేపటి నుండి అది తనంతట తాను లేవదు. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు. కావాలంటే మనమే తెరుచుకోవచ్చు, మళ్ళీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

ఇక్కడ మేము ఒక తప్పు చేశాం. ఉత్సాహంలో పేరు అర్థం కాని వాటినన్నిటినీ ఆపేశాం. మర్నాడు వేలిముద్ర మిషను పనిచేయలేదు. దాన్ని నడిపే ప్రోగ్రాం కూడా ఆ వరుసలోనే ఉంది, అదీ ఆగిపోయింది. ఇద్దరు అక్కలు గంటసేపు కూచోవలసి వచ్చింది. పాపకు ఫోన్ చేసి మళ్ళీ ఎనేబుల్ చేశాం. ఆ రోజు నుండి ఏది ఆపినా ముందు పేరు నోటుబుక్కులో రాస్తాం, రోజుకు రెండు మూడు కంటే ఎక్కువ ఆపం, వేలిముద్ర మిషను, ప్రింటర్, యాంటీవైరస్ వీటి జోలికి పోం. చివరికి 11 ఆపాం.

యాంటీవైరస్ సంగతి కూడా చెప్పాలి. మన దాంట్లో విండోస్‌తో వచ్చింది కాక, గడువు తీరిపోయినవి రెండు ఉన్నాయి. ఒక ఇంటికి ముగ్గురు కాపలాదారులుండి, ముగ్గురూ ప్రతి సంచీ విప్పి చూస్తే లోపలికి ఎవరు పోగలరు? గడువు తీరినవి రెండూ తీసేసి, విండోస్‌తో వచ్చినది పనిచేస్తోందని చూసుకున్నాం.

తర్వాత సీ డ్రైవ్. ఎర్రగీత దాకా నిండిపోయి ఉంది. సీ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డిస్క్ క్లీనప్ అంటే పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు చూపిస్తుంది, తీసేయొచ్చు. జాగ్రత్త ఒక్కటే. ఆ వరుసలో డౌన్‌లోడ్స్ అని కనిపిస్తే టిక్ పెట్టొద్దు. మన సర్క్యులర్లు, బ్యాంకు కాగితాలు చాలా వరకు అక్కడే పడి ఉంటాయి. మీటింగుల ఫోటోలు, వీడియోలు బయటి డిస్క్‌లోకి మార్చాం.

ఇంకో సంగతి మాకు భలే ఆశ్చర్యం. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే పోతున్నాం కదా, టాస్క్ మేనేజర్‌లో చూస్తే కంప్యూటర్ లేచి 23 రోజులు అయిందని ఉంది. పాప చెప్పింది, విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటుంది, షట్‌డౌన్ అన్నా లోపలి పనిలో కొంత దాచిపెట్టుకుని పడుకుంటుంది, మళ్ళీ తొందరగా లేవడానికి. అది మంచిదే. కానీ పాత చిక్కులు కూడా అట్లాగే మిగిలిపోతాయి. రీస్టార్ట్ అంటేనే అన్నీ దులుపుకుని కొత్తగా మొదలవుతుంది. అందుకని ప్రతి సోమవారం ఒకసారి రీస్టార్ట్ చేస్తున్నాం.

ఇంతవరకు రూపాయి ఖర్చు లేదు. నోటుబుక్కులో లెక్క 22 నుండి 10 నిమిషాలకు దిగింది.

పది నిమిషాలు కూడా ఎక్కువే కదా. కొళాయి మార్చాల్సిందే అన్నారు. ఎస్ఎస్‌డీ అని కొత్త రకం డిస్క్ ఉంది. అందులో తిరిగే పళ్ళెం లేదు, జరిగే చెయ్యి లేదు. ఏ ఫైలు అడిగినా చప్పున ఇస్తుంది. పాత కంప్యూటర్లలో కూడా చాలా వాటికి సరిపోతుంది. దాంతోపాటు ర్యామ్ 4 జీబీ ఉన్నదాన్ని 8 చేయించాలనుకున్నాం. ర్యామ్ అంటే వంటింట్లో గట్టు లాంటిది. గట్టు చిన్నదైతే ప్రతిదానికీ అటక ఎక్కి దిగాలి. ర్యామ్‌లో రకాలున్నాయి, మన కంప్యూటర్‌కు సరిపోయే రకమో కాదో చూసి కొనాలి.

డిస్క్ మార్చే ముందు రెండు రోజులు కూచుని తీర్మానాలు, ఆడిట్ కాగితాలు, ఉత్తరాలు అన్నీ రెండు చోట్ల కాపీ తీశాం. అప్పుల లెక్కలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, అవి పోవు. కానీ మన తీర్మానాల ఫైళ్ళు ఈ పెట్టెలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవని ఆ రోజే మాకు తెలిసింది. ఆ పాత డిస్క్ ఒకరోజు చప్పుడు లేకుండా ఆగిపోయి ఉంటే ఇన్నేళ్ళ సమాఖ్య చరిత్ర పోయేది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. కంప్యూటర్ నిదానమైందంటే ఒక్కోసారి డిస్క్ పాడవుతోందని కూడా అర్థం. అందుకే కాపీ ముందు, రిపేరు తర్వాత.

ఇంకొక షాపులో డిస్క్, ర్యామ్, కూలీ కలిపి 4,300 రూపాయలు అయింది. బిల్లు కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. పాత డిస్క్ షాపులో వదిలిపెట్టకుండా తెచ్చుకున్నాం. అందులో మన సభ్యుల ఆధార్ కాపీలు, ఖాతా నంబర్లు ఉన్నాయి మరి.

ఇప్పుడు స్విచ్ వేస్తే నిమిషం లోపల తెరుచుకుంటోంది. అకౌంట్ల పేజీ వచ్చేసరికి, నెట్ బాగుంటే, రెండు నిమిషాలు.

అక్కలూ, ఒక మాట దాచకుండా చెప్పాలి. కొత్త కంప్యూటర్ ఎప్పటికీ వద్దని మేము అనడం లేదు. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మన కంప్యూటర్ ప్రాసెసర్ పాతది, విండోస్ 11కు పనికిరాదు. డబ్బుల వ్యవహారం చూసే కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా ఎక్కువ రోజులు నడపకూడదు. అందుకని మిగిలిన 41,700 రూపాయలు వేరే ఖర్చులకు తీయకుండా కంప్యూటర్ పేరు మీదే ఉంచమని ఈసీని కోరాం. తొందరపడి ఏదో ఒకటి కొనకుండా, మూడు కొటేషన్లు తీసుకుని, ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్నది చూసి కొంటాం. అప్పుడు ఈ పాతది ఇంటర్నెట్ లేకుండా టైపింగ్‌కు, మన పిల్లలు నేర్చుకోవడానికి పనికొస్తుంది.

మీ గ్రామ సంఘంలోనో, ఇంట్లో పిల్లల చదువుకోసమో కంప్యూటర్ ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. నిదానమైతే ముందు టైం రాయండి. స్టార్టప్ చూడండి. సీ డ్రైవ్ నిండకుండా చూడండి. కాపీ రెండు చోట్ల ఉంచండి. "మీ కంప్యూటర్ స్పీడు చేస్తాం, ఇక్కడ నొక్కండి" అని తెర మీద వస్తే నొక్కొద్దు, వాటిలో చాలావరకు మోసాలే. తెరుచుకోవడం లేదని పవర్ మీట పట్టుకుని ఆర్పొద్దు, ఫైళ్ళు పాడవుతాయి.

ప్రతి గ్రామ సంఘం నుండి ఇద్దరిని పంపితే నెలలో రెండో శనివారం ఆఫీసులో ఇవన్నీ చేసి చూపిస్తాం. సంఘం పుస్తకాలు రాయడం కూడా ఒకప్పుడు మనకు రాదు. వేరేవాళ్ళు రాస్తే వేలిముద్ర వేసేవాళ్ళం. ఇప్పుడు మన పుస్తకాలు మనమే రాస్తున్నాం. ఇదీ అంతే, మొదట్లో భయం, అంతే తప్ప బ్రహ్మవిద్య ఏమీ కాదు.

మెట్ల మీద కూచున్న ఆ అక్క పోయిన నెల మళ్ళీ కాగితాల కోసం వచ్చింది. తొమ్మిదిన్నరకు వేలిముద్ర వేసి, పది కాకముందే ఆటో ఎక్కింది. మొదటిసారి పోయిన కూలి మాత్రం మేము తిరిగి ఇవ్వలేం. ఆ పధ్నాలుగు మందికి ఈ సభలో మా ఉపసంఘం తరఫున క్షమాపణ చెప్పుకుంటున్నాం.