చేను లెక్క వేరు, ఇంటి లెక్క వేరు

 

మనలో చాలామందికి ఊర్లో ఎకరమో రెండెకరాలో ఉంది. దున్నడానికి, నాటుకు, మందు బస్తాలకు ఇక్కడి నుంచి పైసలు పంపుతాం. పంట అమ్మినంక లెక్కేస్తే ఏం మిగలదు. రూములో ఎవరో ఒకరు అననే అంటారు: "గా చేను ఎందుకు చేస్తున్నరే, పడావు పెట్టుండ్రి, ఖర్చన్న తప్పుతది." అయినా ఇంట్లోవాళ్లు చేస్తూనే ఉంటారు. వాళ్లకు లెక్క రాకనా?

కాదు, వాళ్లది ఇంకో లెక్క. ఆ లెక్క ఏమిటో వందేళ్ల కింద ఒకాయన రాసిపెట్టాడు. పేరు అలెగ్జాండర్ చయానోవ్. 1888లో మాస్కోలో పుట్టాడు. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివి, బతుకంతా చిన్న రైతుల లెక్కల మీదే పెట్టిన మనిషి.

అప్పట్లో రష్యాలో జెమ్‌స్త్వోలు అని జిల్లా స్థాయి స్థానిక సంస్థలు ఉండేవి. వాటి తరఫున గణకులు ఊరూరూ తిరిగి రైతుల ఇళ్లలో కూర్చుని, ఎంత పండింది, ఎంత తిన్నారు, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు అని రాసుకునేవాళ్లు. ఆ పుస్తకాలు గుట్టలుగా పేరుకున్నాయి. చయానోవ్, ఆయన తోటివాళ్లు ఆ లెక్కలు చదివి గమనించింది ఏమిటంటే, రైతు కుటుంబం కంపెనీలాగా లాభం చూసి నడవదు.

ఒక లెక్క నేనే వేసి చెప్తా, సులువుగా అర్థమవుతుంది. చేను మీద చేతి నుంచి పెట్టింది 30 వేలు. పంట అమ్మితే వచ్చింది 50 వేలు. మిగిలింది 20 వేలు. ఇప్పుడు పట్నం ఆయన వచ్చి, "మీ ఆలుమగల కష్టానికి కూలి కట్టలేదు కదా" అని 25 వేలు రాస్తాడు. ఇప్పుడు చూడండి, 5 వేలు నష్టం! దుకాణమైతే షట్టర్ వేసేస్తారు. కానీ రైతు అడిగే ప్రశ్న వేరు: ఆ రోజుల్లో బయటకు పోతే ఆ 25 వేల కూలి నాకు దొరికేదా? దొరకదు అనుకుంటే, ఆ 20 వేలు ఉత్తవి కావు, ఇంట్లోకి వచ్చిన 20 వేలే. కూలి, లాభం అని విడదీయలేని ఇంటిల్లిపాది కష్టం అది. చయానోవ్ చెప్పిందంతా ఈ పాయింటు మీదే నిలబడింది.

మరి కుటుంబం ఎంతవరకు కష్టపడుతుంది? ఒళ్లు నొప్పి ఒకవైపు, ఇంటి అవసరం ఒకవైపు. రెండూ సమానమైన చోట ఆగుతుంది అన్నాడు. దానికి ఆయన చూపించిన లెక్క నాకు చాలా ఇష్టం. వొలొకొలామ్‌స్క్ అని మాస్కో దగ్గర ఒక ప్రాంతం. 1910లో అక్కడి ఇళ్లను, పనిచేసేవాళ్లు ఎందరు, తినేవాళ్లు ఎందరు అని విడగొట్టి చూశారు. ఇద్దరూ దాదాపు సమానంగా ఉన్న ఇంట్లో ఒక మనిషి ఏడాదికి సుమారు 99 రోజులు పనిచేశాడు, 132 రూబుళ్ల పంట తీశాడు. తినే నోళ్లు బాగా ఎక్కువున్న ఇంట్లో ఒక మనిషి 161 రోజులు పనిచేశాడు, 283 రూబుళ్లు తీశాడు. అంటే చేతులు అవే, నోళ్లు పెరిగితే వాటి మీద బరువు పెరిగింది.

కొత్త జంటగా ఉన్నప్పుడు ఈ బరువు తక్కువ. పిల్లలు పుడుతూ పోతే పెరుగుతుంది, పెళ్లయిన పద్నాలుగో ఏడు ప్రాంతానికి రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. తర్వాత పెద్ద పిల్లలు పనికి అందుకుంటారు, మెల్లగా దిగుతుంది. మన క్యాంపుల్లో ముప్పై అయిదు నుంచి నలభై అయిదు మధ్య ఉన్నవాళ్లు ఒకసారి మీ పెళ్లి సంవత్సరం లెక్కపెట్టుకోండి. ఇంకో రెండేళ్లు, ఇంకో రెండేళ్లు అని వీసా రెన్యువల్ ఎందుకు చేయించుకుంటున్నారో తెలుస్తుంది. అయితే మనకు, వాళ్లకు ఒక తేడా ఉంది. వాళ్ల పిల్లలు పదిహేనేళ్లకు నాగలి పట్టేవాళ్లు. మన పిల్లలు ఆ వయసులో కాలేజీ ఫీజు కట్టమంటారు. అందుకే మన బరువు పద్నాలుగో ఏట దిగదు.

రష్యా రైతులూ వలస పోయేవాళ్లే. పంట పని లేని రోజుల్లో మాస్కోకు, పీటర్స్‌బర్గ్‌కు వడ్రంగం పనికి, బండి తోలడానికి వెళ్లేవాళ్లు. చయానోవ్ ఆ సంపాదనను వేరే పద్దులో రాయలేదు. చేను, బయటి పని రెండూ ఒకే కుటుంబం చేతిలో ఉన్న రెండు దారులు, ఏది తక్కువ కష్టంతో ఎక్కువ తెస్తే ఆ రోజుల్లో మనుషులు అటు పోతారు అన్నాడు. దీని ప్రకారం చూస్తే మనం పంపే దిర్హాములు, రియాళ్లు, దినార్లు ఆ రెండెకరాల లెక్కలోవే.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది, అది ఆయనే చెప్పాడు. పని దొరకని కుటుంబం భూమి కోసం ఎంతైనా ఇస్తుంది. లాభం చూసుకునే పెద్ద ఆసామి ఇవ్వనంత కౌలు చిన్న రైతు ఇస్తాడు, తన కూలి తాను తినేసి ఇస్తాడు. మన ఊర్లలో కౌలు పాటలు ఎట్లా పెరుగుతాయో చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి దారి ఏమిటి? చయానోవ్ సహకార సంఘాల మనిషి. 1915లో అవిసె నార పండించే రైతుల కేంద్ర సంఘం పెట్టినవాళ్లలో ముందున్నాడు. ఆయన మాట ఏమిటంటే, దున్నడం, విత్తడం, పశువుల పని ఇంటివాళ్లే బాగా చేస్తారు, వాళ్లకే వదిలేయండి. అప్పు, విత్తనం, నిల్వ, మిల్లు, అమ్మకం మాత్రం ఒక్కడి వల్ల కాదు, అక్కడ కలవండి. ఏ పనికి ఎంత సైజు సరిపోతుందో అంతే కలపాలి అన్నాడు.

స్టాలిన్ ప్రభుత్వం దీనికి తిరగేసి చేసింది. చేలన్నీ కలిపి సామూహిక క్షేత్రాలు చేయమంది. 1929 డిసెంబరులో స్టాలిన్ ఒక ప్రసంగంలో చయానోవ్ లాంటి ఆర్థికవేత్తల మీద విరుచుకుపడ్డాడు. 1930లో అరెస్టు చేశారు, శ్రామిక రైతు పార్టీ అని లేని పార్టీ ఒకటి అంటగట్టి. జైలు తర్వాత ఆల్మా-ఆతాకు ప్రవాసం. 1937లో మళ్లీ పట్టుకుని అక్టోబరు 3న కాల్చి చంపారు. ఆయన భార్య ఓల్గానూ అరెస్టు చేసి శిబిరాలకు పంపారు. ఆయన మీద కేసు తప్పని ప్రభుత్వం ఒప్పుకుంది 1987లో. అన్నట్టు ఆయన 1920లో మారుపేరుతో ఒక నవల కూడా రాశాడు, రైతుల రాజ్యం గురించి. కథ జరిగేది 1984లో.

ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి 1966లో వచ్చింది. తెచ్చినవాళ్లలో డేనియల్ థార్నర్ ఒకరు, 1950లలో మన దేశంలో ఉండి పల్లెల మీద పనిచేసిన మనిషి. 1962లో అమర్త్యసేన్ కూడా ఇదే ముడి పట్టుకున్నాడు: ఇంటివాళ్ల కష్టానికి మార్కెట్ కూలి కడితే మన చిన్న సేద్యం చాలావరకు నష్టంగా కనిపిస్తుంది, కానీ ఎకరానికి దిగుబడి చిన్న కమతాల్లోనే ఎక్కువ.

ఆ గొడవ ఇప్పటికీ మద్దతు ధరలో నడుస్తోంది. 2024-25లో సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,300 రూపాయలు. దానికి ప్రభుత్వం కట్టిన ఖర్చు 1,533. అందులో చేతి ఖర్చుతో పాటు ఇంటివాళ్ల కష్టానికి కూలి ఉంది. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ లేవు. అవి కలిపితే దాన్ని సీ2 అంటారు. రైతు సంఘాలు కొట్లాడేది దాని కోసమే.

సహకారం మాటకొస్తే, రష్యా దాకా పోనక్కర్లేదు. భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు సంఘం 1956 నుంచి నడుస్తోంది. ఎవరి చేను వాళ్లదే. అప్పు, ఎరువు, విత్తనాల వడ్లు, అమ్మకం మాత్రం సంఘం ద్వారా. పాల కోసం ఆడవాళ్లు వేరే డెయిరీ పెట్టుకున్నారు. ఆ పక్క ఊర్లవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, అడిగి చూడండి.

చయానోవ్‌తో నాకు ఒక పేచీ ఉంది. ఆయన కుటుంబాన్ని ఒకే మనిషిలాగా చూశాడు. ఒళ్లు నొప్పి ఎవరికి, నిర్ణయం ఎవరిది అని లోపలికి పోయి అడగలేదు. మనం ఇక్కడ ఉంటే అక్కడ నాటుకు మనుషుల్ని పిలిచేది, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు పెట్టేది, ఐకేపీ సెంటర్లో వడ్ల కుప్ప కాడ పండుకునేది ఎవరు? ఫోన్లో మనం అడిగేది ఎన్ని బస్తాలు అయినయి, పైసలు పడ్డయా అని. ఈ వానాకాలం ఎన్ని రోజులు చేనుకు పోయినవ్ అని కూడా అడగండి. జవాబును కాగితం మీద రాసుకుని, ఊర్లో నడుస్తున్న కూలి రేటుతో గుణించండి. చేను ఉంచాలా, కౌలుకియ్యాలా అని ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఆ అంకె ముందర ఉండాలి.

వచ్చే వారం భూమి పాసుపుస్తకాల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.