వరి పైరునకు విత్తనములోనే కాపలా
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి సమీపించుచున్నది. నారుమళ్ళు సిద్ధము చేసికొను ఈ సమయమున సాంబమసూరి వరిని గురించి కొన్ని మాటలు మనవి చేయదలచితిని. 1986లో బాపట్లనుండి వెలువడిన ఈ సన్నరకము మన ఇంటింటి అన్నమైనది. అయితే ఇది బాక్టీరియా ఆకు ఎండు తెగులునకు తట్టుకొనజాలదు. ఆ తెగులు సోకినచో ఆకు అంచులు అలలవలె పసుపుబారి, కొననుండి క్రిందికి ఎండిపోవును.

ఒక వృద్ధ రైతు నాతో, “ఆకు పసుపుబారినది గదా, పైరునకు ఆకలి యనుకొని మరికొంత యూరియా చల్లితిని బాబూ” అని చెప్పి కంటనీరు పెట్టుకొనెను. నత్రజని మితిమీరినచో ఈ తెగులు మరింత విజృంభించును. అనుమానము కలిగినపుడు ఆకును కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచి చూడుడు. కొద్ది నిమిషములలో కోసిన చోటినుండి పాలవంటి ద్రవము జారినచో అది ఆకలి కాదు, తెగులే.

ఈ శత్రువు పైరును లొంగదీయు విధము విచిత్రమైనది. మొక్కలోని ప్రతి కణమునందును జన్యువులనెడి వ్రాతలు కలవు. ఆ వ్రాతకు నకలు తీయవలెనన్నచో అనేక మాంసకృత్తులు ఒకచోట కూడవలెను. పంచాయతి తీర్మానమునకు తగినంతమంది సభ్యులు కూడవలసినట్లే యిదియును. మొక్క ఎప్పుడు పిలక వేయవలెనో, ఎప్పుడు పూత పూయవలెనో, ఎప్పుడు తెగులును ఎదిరింపవలెనో ఇట్టి కూటములవల్లనే నిర్ణయమగుచున్నది.

సూక్ష్మజీవి ఆకు అంచునందలి నీటిరంధ్రములగుండను, గాయములగుండను లోపల ప్రవేశించి, తన మాంసకృత్తును కణములోనికి పంపును. అది ‘టి.ఎఫ్. 2-ఏ’ అను కూటమిలోని ‘గామా’ అను సభ్యుని చేయిపట్టి దొంగ సంతకము చేయించును. అంతట చక్కెరను కణమునుండి వెలుపలికి పంపు జన్యువు అకాలమున మేల్కొనును. ఆ చక్కెర శత్రువునకు మేతయగును. ఆ జన్యువునే తొలగింపరాదా యని మీరడుగవచ్చును. పుప్పొడి ఎదుగుటకు అదియే ఆధారము. అది లేనిచో గింజ పట్టదు.

ఈ చిక్కును హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయము శాస్త్రజ్ఞులు కలసి విడదీసిరి. ఇతర వరి రకములందున్న మూడు రక్షక జన్యువులను సంకరణము ద్వారా సాంబమసూరిలో చేర్చిరి. ‘ఎక్స్.ఏ. 5’ నందు గామా సభ్యుని 39వ ఆమినో ఆమ్లము మాత్రమే మారియున్నది. కావున దొంగకు ఆ చేయి చిక్కదు, కూటమి పని మాత్రము యథాప్రకారము సాగును. ‘ఎక్స్.ఏ. 13’ నందు చక్కెర జన్యువునకు ముందున్న తలుపు మారినది. శత్రువు తాళపుచెవి దానికి పట్టదు. పుప్పొడికి లోటు రాదు. ఆఫ్రికా అడవివరినుండి వచ్చిన ‘ఎక్స్.ఏ. 21’ కణముపొరపై కావలివానివలె నిలిచి శత్రువును గుర్తించును. ఈ మూడునుగల ‘ఇంప్రూవ్డ్ సాంబమసూరి’ 2008లో విడుదలయ్యెను.

ఇక ముఖ్యమైన విషయము. ఎక్స్.ఏ. 5, ఎక్స్.ఏ. 13 అనునవి తల్లివైపునుండియు, తండ్రివైపునుండియు సంక్రమించిననే సంపూర్ణముగా పనిచేయును. పాత సాంబమసూరి గింజకును, దీనికిని కంటికి భేదము కనబడదు. రెండింటిని ఒకే కళ్ళమున నూర్చినచో, ఒకే బస్తాలో పోసినచో, కాపలాలేని మొక్కలు మరుసటి యేట మీ మడిలోనే మొలచును. వరి తన పుప్పొడితోనే గింజకట్టు పైరు గనుక, జాగ్రత్తపడిన రైతు తన విత్తనమును తానే నిలుపుకొనవచ్చును. మొదట ధ్రువీకృత విత్తనము తెచ్చుకొనుడు. కళ్ళము శుభ్రముగా ఊడ్చి వేరుగా నూర్చుడు. బస్తాపై పేరు వ్రాయుడు.

అట్లని మిగిలిన జాగ్రత్తలు విడువరాదు. యూరియా మితముగా వేయుడు. నాటునపుడు నారుకొనలు త్రుంచకుడు. తెగులున్న మడినీటిని పొరుగువాని మడిలోనికి వదలకుడు. కాపలాను శాస్త్రజ్ఞులు విత్తనములో ఉంచిరి. దానిని చెదరనీయక నిలుపుకొనుట మన చేతిలోని పని.