అన్ని సంతలకు ఒకే బండియా?



ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లకు ఎక్కించు పథకమునకు కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరమున ఆమోదము నిచ్చినది. మొదట 63,000 సంఘముల కొఱకు ఆ పథకము ఏర్పడినది. మన పద్దులు చిట్టా పుస్తకమును విడిచి యంత్రములోనికి పోవుచున్నవి. కావున ఆ పద్దుల యొద్దకు పోవు దారి యెట్టిదో మనమును కొంత యెఱిగి యుండుట మేలు. ఆ దారిని ఎన్నుకొనుటలో తఱచుగా జరుగు ఒక పొరపాటును గూర్చి నేడు మనవి చేసెదను.

లెక్కలు నిలువయుండు చోటును డేటాబేసు అందురు. అది ధాన్యపు కొట్టు వంటిది. గుమాస్తా తెరపై చూచునది ప్రోగ్రాము. ప్రోగ్రాము అడిగిన పద్దును కొట్టునుండి తెచ్చి యిచ్చుటకు నడుమ నొక సాధనము కావలయును. ఇతరులు ముందే వ్రాసి సిద్ధపఱచిన ఆజ్ఞల సంపుటి యది. దానినే అనుసంధాన లైబ్రరీ యందురు.

ఇవి రెండు విధములు. ఒక్కొక్క డేటాబేసునకు దాని కొఱకే చేసిన లైబ్రరీ యొకటి యుండును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసునకు లిబ్‌పీక్యూ అట్టిది. రెండవది ఉమ్మడి లైబ్రరీ. 1992లో మైక్రోసాఫ్టు వారు వెలువరించిన ఓడీబీసీయు, జావా భాష కొఱకు 1997లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ఇచ్చిన జేడీబీసీయు ఈ తెగకు చెందినవి. వీనిలో ప్రోగ్రాము ఎల్లపుడు ఒకే తీరున అడుగును. ఆయా డేటాబేసునకు తగినట్లు ఆ మాటను అందించుటకు డ్రైవరు అను భాగము వేర్వేఱుగ నుండును.

ఉమ్మడి లైబ్రరీని కోరువారి వాదము వినసొంపుగానే యుండును. "నేడొక కంపెనీ డేటాబేసును వాడుచున్నాము. రేపు వారు రుసుము పెంచినచో మఱొకరి కడకు సులభముగ పోవచ్చును గదా!" అని వారందురు. ఇందు దూరదృష్టి లేకపోలేదు. కాని ఒక సంగతి మఱచుచున్నారు.

పూర్వము మన సీమలో కుంచము కొలత ఊరూరికి వేఱుగ నుండెడిది. మన బండిని ఏ సంతకైనను తోలుకొని పోవచ్చును. కాని అచ్చటి కుంచము మన కుంచము కాదు. ఉమ్మడి లైబ్రరీ బండి వంటిదే. అది దారిని ఒకటి చేయును గాని కొలతలను ఒకటి చేయజాలదు. డేటాబేసులను ప్రశ్నించు ఎస్‌క్యూఎల్ భాషకు 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగను ప్రమాణము ఏర్పడినను, ఒక్కొక్క డేటాబేసు తనకు మాత్రమే చెల్లు పద్ధతులను కొన్నింటిని నేటికిని నిలుపుకొనియే యున్నది.

ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక సంఘపు సభ్యుల పట్టికలో కొందఱి ఫోను నంబరు గడిలో ఒక్క అక్షరమును లేని వ్రాత నిలిచియున్న దనుకొందము. ఒరాకిల్ డేటాబేసు దానిని "విలువ లేదు" అనియే యెంచును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అట్లుగాక, "విలువ లేదు" అనుట వేఱు, "ఖాళీగా వ్రాయబడినది" అనుట వేఱు అని యెంచును. ఫోను లేని సభ్యుల ఇంటికి మనిషిని పంపి బాకీ గడువు తెలుపుటకై, "నంబరు విలువ లేనివారెవరు?" అని ప్రోగ్రాము అడుగును. మొదటి డేటాబేసులో వారి పేర్లన్నియు వచ్చును. రెండవదానికి మార్చి అదే ప్రశ్న వేసినచో, ఖాళీగా వ్రాయబడినవారి పేర్లు రావు. తప్పు జరిగినదని యంత్రము చెప్పదు. జాబితా మాత్రము చడి చప్పుడు లేక కుఱుచయగును. గడువు తెలియక రైతు వడ్డీ రాయితీని పోగొట్టుకొనును. బండి మాఱలేదు; కుంచము మాఱినది.

ఉమ్మడి దారికి మఱియొక వెల కలదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నందు వేలకొలది పద్దులను ఒకే ప్రవాహముగ లోనికి దింపుటకు కాపీ అను విధానము కలదు. ఏండ్ల తరబడి పాత లెక్కలను ఎక్కించునపుడు ఇది మిక్కిలి అక్కఱకు వచ్చును. లిబ్‌పీక్యూ ద్వారా దానిని తిన్నగా వాడవచ్చును. ఓడీబీసీ వారి ఉమ్మడి ఆజ్ఞలలో దానికి చోటు లేదు. అందఱికిని సరిపోవునట్లు కుట్టిన చొక్కా ఎవరికిని చక్కగ అమరదు గదా!

అట్లని ఉమ్మడి లైబ్రరీ నిరర్థకమని నేననను. ఒకే ప్రోగ్రామును పదిమంది కొనుగోలుదారులకు అమ్మువాడు, ఆ పదిమంది పది డేటాబేసులు గలవారైనచో, ఉమ్మడి దారినే పట్టవలయును. వేర్వేఱు కొట్లనుండి లెక్కలు తెచ్చి పట్టికలు వేయు సాధనములకును అదియే తగును. కాని ఒకే డేటాబేసుతో ఏండ్ల తరబడి కాపురము చేయనెంచిన వారికి దాని స్వంత లైబ్రరీయే మేలు. ఎన్నడో రాగల మార్పునకు భయపడి, నిత్యము కలుగు లాభమును వదలుకొనుట వివేకము కాదు.

ఇక మార్పు నిజముగ వచ్చినచో నేమి చేయవలయును? దానికి ఉపాయమొకటి కలదు. డేటాబేసును తాకు ఆజ్ఞలన్నియు ప్రోగ్రాములో ఒక్కచోటనే యుంచవలయును. చెఱువునకు తూము ఒకటియే యైనచో మరమ్మతును ఒకచోటనే సాగును. కట్ట పొడవున గండ్లు కొట్టినచో ఎన్నింటిని పూడ్చగలము? ఏ లైబ్రరీని వాడినను ఈ జాగ్రత్త తప్పదు.

కావున పెద్దలారా, మీ సంఘమునకు ప్రోగ్రాము అమ్మవచ్చినవాడు "ఇది ఏ డేటాబేసుతోనైనను నడచును" అని చెప్పినచో సంతోషించి ఊరకుండకుడు. "వేనివేనితో నడిపి చూచితిరి? మా పద్దులనే రెండింటిలోను ఎక్కించి, జాబితాలను సరిపోల్చి చూపెదరా?" అని అడుగుడు. సరిపోల్చి చూపనిదే ఆ మాట ఆశయే గాని హామీ కాదు. బండిని చూచి మురిసిన చాలదు. కుంచమును కొలిచి చూడవలయును.

సెలవు.