తలాంతు నిక్షేపము కాదు



క్రైస్తవధర్మమున గృహనిర్వాహకత్వమను మాట గలదు. సొత్తు దేవునిది, మనుష్యుడు దానిని నిర్వహించువాడు మాత్రమే, తుదకు లెక్క యొప్పజెప్పవలయునని దాని తాత్పర్యము. ధనమేగాక విద్య, వృత్తినైపుణ్యము, కాలము, కలిసివచ్చిన యవకాశము సైత మా సొత్తులోనివే. ఈ విషయమును గూర్చి మత్తయి సువార్త 25వ అధ్యాయమునందలి యుపమానము నాశ్రయించి నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఒక యజమానుడు దేశాంతరమేగుచు, తన దాసులకు వారివారి సామర్థ్యము ననుసరించి యొకనికి 5, ఒకనికి 2, ఒకనికి 1 చొప్పున తలాంతుల నిచ్చెను. మొదటి యిద్దరును వ్యాపారము చేసి రెట్టింపు చేసిరి. మూడవవాడు భూమి త్రవ్వి దాచి, యజమానుడు మరలివచ్చినపుడు ఉన్నదున్నట్లు తిరిగి యిచ్చెను. యజమానుడు వానిని సోమరియని నిందించి వెడలగొట్టించెను.

స్మృతులు చదివిన మావంటివారికి ఇచట సందేహము కలుగుట సహజము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధిప్రకరణము గలదు. మూటగట్టి యొప్పగించిన సొత్తు నున్నదున్నట్లే తిరిగి యీయవలయుననియు, సొంతదారుని యనుమతి లేక దానిని వాడుకొన్నవాడు దండనార్హుడనియు అందలి శాసనము. ఆ న్యాయముచే జూచిన మూడవ దాసుడు నిర్దోషి! మరి వానికి శిక్ష యేల?

తలాంతు నిక్షేపము గాదు, మూలధనము. దాచుటకే యిచ్చినచో సామర్థ్యమును జూచి పంచనేల? భోషాణమునకు సామర్థ్యముతో పనియేమి? వాడుటకే యిచ్చినదానిని వాడకుండుట, దాచుటకిచ్చినదానిని వాడుకొనుటవంటి దోషమే.

“మాకు దొరికినది స్వల్పము” అను సాకు తరచుగా వినబడుచుండును. తలాంతు అనగా వెండి తూకము. ఇంచుమించు 6000 దేనారములు. దినకూలి యొక దేనారమని యా సువార్త 20వ అధ్యాయమునందే కానవచ్చును. కావున ఒక్క తలాంతు సుమారిరువదేండ్ల కూలి. అందరికంటె తక్కువ పొందినవానికి సైతము దొరికినది అల్పము గాదు. మరియు 5 సంపాదించినవానికిని, 2 సంపాదించినవానికిని యజమానుడు పలికిన మెప్పుమాట లొక్కటియే.

మన తెలుగునేలయందును ఇందుకు నిదర్శనములు గలవు. ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర యౌవనమున అమెరికాలో భూమి కొలతపని నేర్చినవాడు. మతబోధకునకు ఆ విద్యతో పనియేమి యనిపించును. 1876–78 నాటి ఘోరక్షామమున ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు దీసికొని, ఆ విద్య నుపయోగించి పని నడిపించి, ఆకలిగొన్న బీదలకు కూలి దొరకునట్లు చేసెను. వైద్యురాలు అన్నా కూగ్లర్ 1883లో గుంటూరునకు వచ్చినపుడు ఆమెకు మొదట వైద్యసేవ యప్పగింపబడలేదు. ఆమె తన విద్యను పాతిపెట్టలేదు. 1898లో అచట ఆమె యాసుపత్రి తెరవబడెను.

మన సంఘమునకు చందాలొసగు పోషకులకు మేము కృతజ్ఞులము. అయినను నిధి బ్యాంకులో పెరిగినంతమాత్రమున ధర్మము తీరదు. ఉపమానమునందలి యజమానుడు సాహుకారుల వడ్డీని ఏమియు చేయజాలనివానికి కడపటి మార్గముగనే చెప్పెను. పదిమంది సాయముతో చదివినవాడు ఉద్యోగము రాగానే ఊరి ముఖము చూడకుండుటయు, వైద్యుడుగాని న్యాయవాదిగాని బీదవానికొక గంటయైన నీయకుండుటయు పాతిపెట్టుటయే. మాబోటి విశ్రాంతోపాధ్యాయులకు ధనము లేదు, కాలమున్నది. సాయంకాలమొక గంట వీథిలోని పిల్లలకు లెక్కలో వ్యాకరణమో చెప్పినచో అది మా తలాంతునకు వృద్ధి.

ఎవరి తలాంతేదియో వారికే తెలియును. వచ్చు వార్షికసభయందు జమాఖర్చులతోబాటు, ఎవరే విద్యను ఎందరికి పంచిరో ఆ లెక్కయు చదువబడుగాక యని కోరుచు విరమించుచున్నారము.