పికప్ బండి బేరం: కాగితం మీద లెక్క

(పత్తికొండ ప్రాంత రైతుల సమావేశంలో సంఘం సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించో, పంటల బీమా గురించో మాట్లాడమంటారనుకొని వచ్చినాను. కార్యదర్శి మాత్రం "ఈ ఏడు మన ఊర్లల్లో పికప్‌లు కొనేవాళ్లు ఎక్కువైనారు, దాని బేరం సంగతి చెప్పన్నా" అన్నాడు. సరే, ఇది కూడా ధర విషయమే.

మనం యార్డుకు ఎర్రగడ్డలు తీసుకపోతే ధర ఎవరు చెప్తారు? కొనేవాడు చెప్తాడు. 2025 సెప్టెంబరులో కర్నూలు యార్డులో ఏమైందో మీరే చూసినారు. ధర పడిపోతే ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనిపించాల్సి వచ్చింది. అదే మనం షోరూముకు పోతే ధర ఎవరు చెప్తారు? అమ్మేవాడు చెప్తాడు. అమ్మబోతే కొనేవానిది, కొనబోతే అమ్మేవానిది. యార్డులో ధర కోసం మనందరం కలిసి కొట్లాడాల్సిందే, ఒక్కడి చేతిలో లేదు. షోరూములో మాత్రం కొంత మన చేతిలోనే ఉంది. ఆ కొంతను కూడా మనం వదిలేసి వస్తున్నాం.

నేను వదిలేసి వచ్చినవాణ్ణే. కొన్నేళ్ల కిందట దసరాకు పికప్ తీసుకున్నాను. షోరూము పేరు, అప్పిచ్చినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. పండగ పూట బండికి కొబ్బరికాయ కొట్టాలని పిల్లోళ్లు గోల. షోరూములో కుర్చీ వేసి, టీ ఇచ్చి, "అన్నా, నెలకు ఎంత కట్టుకోగలవు?" అని అడిగినారు. నేను పదహారు, పదహారున్నర వేలన్నాను. అంతే, నా బేరం అక్కడే అయిపోయింది. బండి ధర ఎంత, ఇన్సూరెన్సు ఎంత, వడ్డీ ఎంత అని నేను అడగలేదు. నెల కంతు నేను చెప్పినట్టే ఉండాదని సంబరపడి సంతకం పెట్టినాను. అదే నెలలో అదే మోడలు ఇంకో ఊరి షోరూములో తీసుకున్న మా పక్క చేను ఆయన కాగితాలు తర్వాత చూస్తే, నేను 45,000 ఎక్కువ ఇచ్చినాను. హ్యాండ్లింగ్ అని 9,000. సీటు కవర్లు, పాటల డబ్బా, ఇంకేవో కలిపి 22,000. ఇన్సూరెన్సులో 14,000. ఎర్రగడ్డ మూట మీద రూపాయి తగ్గిస్తే యార్డులో అరిచే మనిషిని నేను.

అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ వడ్డీలో పడింది. "నూటికి 67 పైసల వడ్డీ అన్నా, మీ ఊర్లో రెండు రూపాయలు కదా" అన్నారు. నిజమే, మా ఊర్లో రెండు రూపాయలే. 67 పైసలంటే ఏడాదికి 8 శాతం. ఎవరికి చేదు? కానీ అది ఫ్లాట్ వడ్డీ. 6 లక్షల అప్పు, నాలుగేండ్లు. ఏడాదికి 48,000 చొప్పున వడ్డీ 1,92,000. మొత్తం 7,92,000ను 48 కంతులు చేస్తే నెలకు 16,500. ఇందులో కిటుకు ఏందంటే, నెలనెలా మనం అసలు తీరుస్తూనే ఉంటాం. రెండేండ్లు గడిచేసరికి అప్పు సగం తీరి ఉంటుంది. వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 6 లక్షల మీదే చివరి నెల దాకా లెక్కగడతారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఆ 8 శాతం నిజానికి 14 శాతం దాటుతుంది. అంటే నూటికి నెలకు రూపాయి ఇరవై పైసలు. తగ్గే అసలు మీద నిజంగా 8 శాతమే అయితే కంతు దగ్గర దగ్గర 14,650 పడేది. నాలుగేండ్ల మీద తేడా 89,000 దాకా.

మూడో ఏడు ఎర్రగడ్డ ముంచింది. 30 కంతులు, అంటే 4,95,000 కట్టినాను. తర్వాత మూడు తప్పినాయి. తెల్లారకముందే నలుగురు వచ్చి బండి తోలుకొనిపోయినారు. వీధిలో అందరూ చూస్తా ఉన్నారు. ఆఫీసుకు పోయి అడిగితే, మూడు కంతులు ఆలస్య ఛార్జీలతో సహా కడితే బండి ఇస్తామన్నారు. లేదంటే అమ్మేస్తామన్నారు. "అమ్మితే నా బాకీ ఎంత?" అన్నాను. 30వ కంతు నాటికే 2,66,000 దాకా అసలుందని చూపించినారు. నా లెక్కలో 2,25,000 ఉండాలి. కాగితం చూస్తే వాళ్ల లెక్కలో తప్పు లేదు. మొదటి నెలల కంతులో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ జమ చేసుకుంటా వచ్చినారు. చెప్పేటప్పుడేమో 67 పైసలు, రాసుకునేటప్పుడేమో రూపాయి ఇరవై. మా ఇంటామె గాజులు కుదువ పెట్టి బండి విడిపించుకొచ్చినాను. ఆ గాజులు ఇంటికి రావడానికి ఇంకో రెండేండ్లు పట్టింది. అందుకే ఈ మాటలు.

ముందు, బండి కావాలా అని అడుక్కోండి. నెలకు 16,500 అంటే ఏడాదికి 1,98,000. మీ తట్టు బాడుగ ట్రిప్పుకు 2,500 అనుకుంటే, డీజిల్ పోయకముందే, టైర్లు, ఇన్సూరెన్సు లెక్కేయకముందే 80 ట్రిప్పులు తోలాలి. రెండెకరాల టమాటా పెట్టేవానికి సొంత సరుకుతో అన్ని ట్రిప్పులు ఉండవు. ఊర్లోవాళ్ల సరుకు కూడా తోలగలిగితేనే కొనండి. పులివెందుల తట్టు అరటి, చీనీ తోలేవాళ్లకు ఏడాది పొడుగునా పని ఉంటుందేమో, మన మెట్ట చేన్లకు అట్ల కాదు. పక్కింటాయన కొన్నాడని కొనొద్దు. ఈ మాట అంటే యువకులకు కోపం వస్తుంది, రానీండి.

కొనాలని తేల్చుకున్నాక, కంతు మాట ఎత్తకండి. "ఆన్‌రోడ్ ధర ఎంత, పద్దు పద్దుగా కాగితం మీద రాసియ్యండి" అని అడగండి. నోటిమాట వద్దు. కర్నూలులో ఒకటి, నంద్యాలలో ఒకటి, కడపలోనో అనంతపురంలోనో ఒకటి, మూడు కాగితాలు తీసుకోండి. బస్సు ఛార్జీ పోతే పోనీండి. బొలెరో పికప్, టాటా యోధా, ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు, ఇన్ని ఉన్నాయి. వాళ్లలో వాళ్లకు పోటీ ఉంది. ఒక కంపెనీ కాగితం ఇంకో కంపెనీ బల్ల మీద పెట్టడం తప్పు కాదు. యాపారులు మన సరుకు పక్కన ఇంకొకరి సరుకు పెట్టి బేరమాడరా?

ఆ కాగితం ఎట్ల చదవాలో చెప్తాను. మొదటి పద్దు ఎక్స్ షోరూం ధర. అందులో జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ట్రాక్టర్ల మీద 12 నుంచి 5కి తగ్గింది కూడా అప్పుడే. పన్ను లేకుండా 8 లక్షల బండి అనుకోండి. పాత పన్నుతో 10,24,000 అయ్యేది, కొత్త పన్నుతో 9,44,000. తేడా 80,000. ఇది పన్ను తగ్గితే వచ్చిన తగ్గింపు, షోరూము ఇచ్చిన డిస్కౌంటు కాదు. "ఇప్పటికే 80,000 తగ్గించినాం అన్నా" అంటే, "అది సర్కారు తగ్గించింది, నీవు ఎంత తగ్గిస్తావు చెప్పు" అనండి. బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9 ఉండాదా చూసుకోండి. బండి విలువ 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ అని పట్టుకుంటారు. అది నిజమైన పద్దే. అయితే అది మీ పాన్ కింద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే మీకు పన్ను పడనంతవరకు వెనక్కి వస్తుంది. ఎంతమంది వదిలేస్తున్నారో.

తర్వాత రిజిస్ట్రేషను, రోడ్డు ట్యాక్సు. బండి బరువును బట్టి మారుతుంది. అంకె ఎంత రాసినా, సర్కారు రసీదు ఎంతకు వస్తే అంతే కడతానని ముందే చెప్పండి. "ఆర్టీఏ ఖర్చులు" అని గుండుగుత్తగా రాస్తే కొట్టేయించండి.

ఇంక హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ ఛార్జీలు. టమాటా మార్కెట్లో జాక్‌పాట్ పేరుతో గంపలు ఊరికే తీసుకుంటారు చూడండి, ఎందుకు తీసుకుంటున్నారంటే తీసుకుంటున్నారు కాబట్టి. ఇది షోరూము జాక్‌పాట్. మోటారు వాహనాల చట్టంలో ఇట్లాంటి రుసుము లేదు. బండిని షోరూముకు తెచ్చుకునే ఖర్చు అమ్మేవానిది. ఈ ఒక్క పద్దు దగ్గర గట్టిగా నిలబడండి. తీసేయకపోతే, ఏ నియమం కింద తీసుకుంటున్నారో రాసి సంతకం పెట్టమనండి. చానా తూర్లు అక్కడికే తగ్గుతారు.

ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలని ఏమీ లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం కేంద్రం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీలోనైనా ఒకటే. మిగతా భాగం మారుతుంది. ఊర్లో ఏజెంటు దగ్గర ఒక లెక్క రాయించుకొని తీసుకపోండి. ఒక జాగ్రత్త. ఐడీవీ అని బండి విలువ రాస్తారు. దాన్ని తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తే మురిసిపోకండి. బండి పోయిననాడు వచ్చేది కూడా ఆ విలువను బట్టే. రెండు కాగితాల్లో ఐడీవీ ఒకటే ఉంటేనే పోల్చండి.

వడ్డీ సంగతి నా కథలో చెప్పినాను. మందు కూడా ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, ఇట్లాంటి అప్పు ఇచ్చే ముందు బ్యాంకైనా ఫైనాన్సు కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో అడగండి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఫీజులతో సహా ఏడాదికి నిజంగా పడే భారం అదే. ఫ్లాట్ అంటేనేమి, 67 పైసలంటేనేమి, ఆ ఒక్క అంకె చూడండి. మీకు ఖాతా ఉన్న బ్యాంకుకు ముందే పోయి అడిగి, ఆ అంకె జేబులో పెట్టుకొని షోరూముకు పోండి. అప్పు ఇప్పించినందుకు, ఇన్సూరెన్సు చేయించినందుకు కూడా షోరూములకు కమీషన్లు ముడతాయి. బండి మీద పదివేలు తగ్గించి, వడ్డీలో యాభై వేలు లాక్కునే దారి అక్కడుంది. కంతులన్నీ తీరినాక ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకొని ఆర్‌సీలో హైపోథికేషను తీయించుకోండి.  వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదు. ఇది ఆపొద్దు నాకు తెలిసుంటే కనీసం మాట మాట్లాడేవాణ్ణి.

ఎప్పుడు కొనాలి? దసరాకు, ఉగాదికి షోరూము కిటకిటలాడుతుంటే మీకెందుకు తగ్గిస్తారు? ఆషాఢంలో, మూఢంలో మనోళ్లు బండి ముట్టరు. అప్పుడే వాళ్లకు అమ్మకాల లెక్క చూపించుకోవాల్సిన అవసరం. నెలాఖరు, డిసెంబరు, మార్చి చివర కూడా అంతే. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో బేరం ఖాయం చేసుకొని, అడ్వాన్సుకు షోరూము రసీదు తీసుకొని, శ్రావణంలో బండి తెచ్చుకోండి. ఆ రసీదు మీద ధర, మోడలు, వద్దనుకుంటే డబ్బు వాపసు అనే మాట రాయించండి. ఏడాది చివర కొంటే సేల్ సర్టిఫికెట్లో, అంటే ఫారం 21లో, బండి తయారైన నెల, సంవత్సరం చూడండి. పోయిన ఏడాది తయారైన బండిని ఈ ఏడాది ధరకు తీసుకోవద్దు. తీసుకుంటే ఆ మేరకు తగ్గించమనండి. పాత బండి మార్పిడి ఉంటే రెండు బేరాలు వేరువేరుగా ఆడండి, కలిపితే ఎక్కడ పోయిందో తెలియదు.

నాకు తెలిసిన గట్టి ఉపాయం ఇంకొకటి. ఒక్కరు పోకండి. ఒకే మోడలు కావాల్సినవాళ్లు నలుగురు కలిసి పోండి. "నాలుగు బండ్లు, ఒకే రోజు, పద్దులన్నీ ఇట్ల ఉంటేనే" అంటే మేనేజరే లేచి వస్తాడు. యార్డులో యాపారులంతా ఒకటవుతారని మనం తిట్టుకుంటాం కదా. మనం ఒకటైతే తప్పా?

లైసెన్సు గురించి ఇందాక ఎవరో అడిగినారు. ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి తోలొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ సాకుతో క్లెయిము ఆపితే ఒప్పుకోకండి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్టు అక్కరలేదు, దాటితే కావాలి. ఏ మోడలు ఎంతో కొనకముందే అడగండి.

మోసం జరిగితే? "ఇది కమర్షియల్ బండి, మీరు వినియోగదారులు కారు" అంటారు. నమ్మొద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం సొంత కష్టంతో బతుకుదెరువు కోసమే కొనుక్కున్నవాడు వినియోగదారుడే. ముందు 1915కు ఫోన్ చేయండి, తర్వాత జిల్లా కమిషన్. కాగితాలుంటేనే కేసు నిలుస్తుంది, అందుకే ఇందాకటి నుంచి కాగితం కాగితం అంటున్నాను.

చాలాసేపు మాట్లాడినాను. కొటేషన్లు తెచ్చుకున్నవాళ్లు ముగ్గురున్నారని కార్యదర్శి చెప్పినాడు. వాటిని ముందుకు తీసుకురండి. చదవడం వచ్చిన పిల్లోళ్లు ఒకరు ఇట్ల వచ్చి కూర్చోండి. హ్యాండ్లింగ్ పద్దు ఎవరి కాగితంలో ఎంతుందో మొదట అది చూద్దాం.