చక్రములమీది వానప్రస్థము

శీతకాలము ప్రవేశించినంతనే పులికాట సరస్సునకు ఫ్లెమింగో పక్షులును, నేలపట్టు చెరువునకు గూడబాతులును వచ్చి చేరుట మన తెలుగువారికి చిరపరిచితమైన దృశ్యము. ఎండలు ముదిరిన వెనుక అవి వచ్చినదారినే మరలిపోవును. ఉత్తర అమెరికా ఖండమున మనుష్యులలో గూడ ఇట్టి వలస యొకటి ఏటేట జరుగుచున్నది. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ మొదలగు ఉత్తర రాష్ట్రములనుండియు, కెనడా దేశమునుండియు ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులు లక్షలసంఖ్యలో బయలుదేరి, ఫ్లారిడా, టెక్సాసు, అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రముల వెచ్చని నేలలకు వచ్చి, వసంతము రాగానే తిరిగిపోవుదురు. వీరికి స్నోబర్డులని, అనగా మంచుపక్షులని పేరు. టెక్సాసు దక్షిణపు కొసన, రియో గ్రాండే నదీలోయలోని వారు మాత్రము వీరిని 'శీతకాలపు టెక్సాసువారు' అని తమలో చేర్చుకొని పిలుతురు. ఈ పక్షులలో పెక్కుమంది తమ గూళ్ళను తమవెంటనే తెచ్చుకొనుట విశేషము. ఆ గూళ్ళను గూర్చియు, వానిలో గడచెడి వార్ధక్యమును గూర్చియు నేడు కొంత ముచ్చటింతము.

వారు విడిచివచ్చు చలి మన మెరిగిన చలి కాదు. మిన్నెసోటాలో జనవరి రాత్రులందు ఉష్ణమానము సున్నకు దిగువ 20 సెంటీగ్రేడు డిగ్రీలకు పడిపోవుట వింత కాదు. ముంగిట పేరుకొన్న మంచును పారతో ఎత్తిపోసినగాని కారు వెలికి రాదు. ఆ మంచుమీద కాలుజారి తుంటియెముక విరిగినచో, డెబ్బదియేండ్లవానికి అదియే మంచము పట్టుటకు నాంది. అదే మాసమున అరిజోనాలోని యూమా పట్టణమున పగటివేళ 20 డిగ్రీల పైచిలుకు వెచ్చదనము, మబ్బులేని ఆకాశము. అట్టి తావునకు పోవలెనని ముసలి ప్రాణము కోరుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. కార్లు సామాన్యుని అందుబాటులోనికి వచ్చిన దినములలో, 1919లో, ఫ్లారిడాలోని టాంపా నగరమున 'టిన్ కాన్ టూరిస్టులు' అను సంఘ మేర్పడెను. గుడారములును, రేకుడబ్బాలలోని ఆహారమును కార్లపై వేసికొని వచ్చి విడిదిచేసిన యాత్రికులు వారు. కాని ముసలితనమున నెలల తరబడి పరాయి తావున కాపురముండుటకు చేత కొంత డబ్బును, వైద్యమునకు ధీమాయును వలయును. 1935నాటి సోషల్ సెక్యూరిటీ చట్టము ననుసరించి 1940లో వృద్ధులకు నెలనెల పింఛనులు మొదలయ్యెను. 1956నాటి చట్టముతో రాష్ట్రములను కలుపు ఇంటర్‌స్టేట్ రహదారుల నిర్మాణము సాగెను. 1965లో వృద్ధులకై మెడికేర్ అను వైద్యభీమా చట్ట మేర్పడెను. పింఛను, బాట, వైద్యము - ఈ మూడును సమకూడిన పిమ్మట, ధనికుల విలాసముగా నుండిన శీతకాలపు విడిది కార్మికునకును, బడిపంతులునకును గూడ దక్కినది.

వీరి గూళ్ళు రెండు విధములు. మొదటిది ఆర్.వి. అనబడును. అది ఇంజనుతో తానే నడచు మోటారు ఇల్లు కావచ్చును. కారో, ట్రక్కో లాగుకొనిపోవు ట్రెయిలరు కావచ్చును. పడక, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపుగది అన్నియు నందే యుండును. పార్కులో అద్దెకు తీసికొన్న తావున దానిని నిలిపి, విద్యుత్తు తీగను, నీటిగొట్టమును, మురుగుగొట్టమును తగిలించిన చాలును, సంసారము సిద్ధము. రెండవది మొబైల్ హోమ్. పేరునకు కదలెడి యిల్లే గాని, కర్మాగారమున తయారై ట్రక్కు వెనుక వచ్చి ఒకసారి దిమ్మెలపై కూర్చున్న వెనుక అది మరల కదలుట అరుదు. 1976లో వీని నిర్మాణమునకు కేంద్రప్రభుత్వపు ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. పిదప అధికారపత్రములలో పేరు మారినను, వాడుకలో పాతపేరే నిలిచినది.

పార్కులోనికి అడుగిడినచో అది చిన్న పల్లెవలె తోచును. పేర్లు గల వీధులు, నడుమ పెద్ద హాలు, ఈతకొలను, వడ్రంగపు పనిగది, బొంతలు కుట్టుకొను గది. షఫుల్‌బోర్డు వీరికి ప్రియమైన ఆట. పొడవైన కర్రతో గుండ్రని బిళ్ళలను గడులలోనికి నెట్టుటయే దానిలోని పని గనుక మోకాళ్ళ నొప్పులవారికి అనుకూలము. సాయంకాలము పేకాట, స్క్వేర్ డాన్సు. అప్పుడప్పుడు ఇంటికొక వంటకము తెచ్చి అందరును కలిసి భుజించు విందు. ఈ పల్లెలలో పెక్కింట పసిపిల్లల కేకలు వినరావు. కాపురమున్న ఇండ్లలో నూటికి 80 ఇండ్లలోనైన 55 ఏండ్లు నిండినవా రొక్కరుండినచో, అట్టి పార్కులను పెద్దలకే ప్రత్యేకించుకొనుటకు 1995నాటి చట్టము వీలు కల్పించుచున్నది. మనుమలు చుట్టపుచూపుగా వచ్చి పోవలసినదే.

కెనడా విశ్వవిద్యాలయములలో మానవశాస్త్రము బోధించిన డొరొతీ కౌంట్స్, డేవిడ్ కౌంట్స్ అను దంపతులు తామును ఆర్.వి.లో వీరి నడుమ నివసించి, 1996లో ఒక గ్రంథము ప్రకటించిరి. నిన్నటివరకు ముఖపరిచయము లేనివారు ఒకరి కొకరు సాయపడుటచేతను, కలిసి భుజించుటచేతను ఇరుగుపొరుగై పోవు తీరు వారి పరిశీలనలో ముఖ్యాంశము. ఇంజను మొరాయించినపుడు పనిముట్ల పెట్టెతో ముందుగా వచ్చువాడు ప్రక్క ట్రెయిలరువాడే. అతడు పూర్వము బ్యాంకు మేనేజరో, లారీ డ్రైవరో - ఆ యెడారిలో ఎవ్వరికిని పనిలేదు.

ఎడారి యనగా అలంకారమునకు చెప్పినమాట కాదు. అరిజోనాలో, కాలిఫోర్నియా సరిహద్దునకు 20 మైళ్ళ దూరమున క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. 2020 జనాభాలెక్కలలో అచటి వారు 2,413 మంది మాత్రమే. శీతకాలమున ఆ ఊరి చుట్టునున్న బంజరు వేలకొలది బండ్లతో నిండిపోవును. ఆ ప్రక్కనే లా పోసా అను ప్రభుత్వభూమిలో సెప్టెంబరు 15 మొదలు ఏప్రిలు 15 వరకు రుసుము చెల్లించి దీర్ఘకాలము విడిదిచేయవచ్చును. అచట ఎవరి తావునకును కుళాయి లేదు, కరెంటుతీగ లేదు. ఎండను పట్టి విద్యుత్తునిచ్చు పలకలు బండి కప్పుమీద, మంచినీరు తొట్టిలో. జనవరిలో రంగురాళ్ళ సంతలు సాగును. ఆ ఊరి శ్మశానమున హాజీ ఆలీ అనువాని సమాధిపై రాతి పిరమిడును, దాని కొనపై లోహపు ఒంటెబొమ్మయు నున్నవి. 1850 దశాబ్దమున అమెరికా సైన్యము ఎడారిదారులకై ఒంటెలను తెప్పించినపుడు వానితో వచ్చిన తోలరి అతడు, 1902లో మరణించెను. దూరదేశమునుండి వచ్చిన సంచారి విశ్రమించినచోట నేటి సంచారులు విడిదిచేయుట తలచుకొనదగిన సంగతి.

ఇంతవరకు చెప్పినది వెలుగువైపు. నీడయు నున్నది. పెక్కు పార్కులలో ఇల్లు తనది, నేల పరులది. యజమాని అద్దె పెంచినను, పార్కును అమ్మివేసినను, ఇంటిని లేవనెత్తి వేరొకచోటికి తీసికొనిపోవుట వేల డాలర్ల పని. ఇల్లు పాతదైనచో చేర్చుకొను పార్కే దొరకదు. గాలివానలు మరొక భయము. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లారిడాలోని మొబైల్ హోములను తునాతునకలు చేసిన పిదప, 1994లో గాలిని తట్టుకొను నిబంధనలను కఠినతరము చేసిరి. 2022 సెప్టెంబరు 28న ఫోర్ట్ మయర్స్ ప్రాంతమున తీరము దాటిన ఇయాన్ తుఫాను మరల ఎందరి యిండ్లనో పొట్టన పెట్టుకొనెను. కెనడావారికి పరాయిదేశపు చిక్కులు అదనము. ఆంటేరియో రాష్ట్రమువారు ఏడాదిలో 212 దినములకు మించి దేశముదాటి యున్నచో ప్రభుత్వ వైద్యభీమాకు అర్హత కోల్పోవు ప్రమాదము కలదు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున భూసరిహద్దు మూతపడి, టీకాలు వేసికొన్నవారికి 2021 నవంబరు 8న గాని తెరువబడలేదు.

వీనన్నిటికంటె కఠినమైన ప్రశ్న యింకొకటి. చూపు మందగించి, చేయి వణకి, బండి నడుపలేని దినము వచ్చినపుడు ఏమగును? భర్త పోయిన వెనుక ముప్పదియైదడుగుల బండిని ఆమె ఒంటరిగా ఎక్కడికి తోలుకొనిపోవును? 'తాళపుచెవులను కొక్కెమునకు తగిలించుట' అని ఆ దినమునకు వారి నుడికారము. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు ఎస్కేపీస్ అను ఆర్.వి. సంఘమును స్థాపించిరి. టెక్సాసులోని లివింగ్‌స్టన్ వద్ద ఆ సంఘమువారు తమ వృద్ధసభ్యులకై ఒక కేంద్రము నెలకొల్పిరి. అచట ముదుసలి తన బండిలోనే, తన పడకమీదనే నిదురించును. భోజనము పెట్టుటకును, డాక్టరువద్దకు తీసికొనిపోవుటకును మనుషు లుందురు. వారిలో పలువురు ఇంకను బండ్లు నడుపగల సభ్యులు. స్వచ్ఛందముగా వచ్చి కొంతకాలము సేవచేసి పోవుదురు. నేటి సహాయకుడు రేపటి ఆశ్రితుడు కావచ్చునను ఎరుక అందులో ఇమిడియున్నది.

మన తెలుగు తలిదండ్రులు పలువురు అమెరికాలోని బిడ్డలయొద్దకు పోయి నాలుగైదు మాసము లుండి వచ్చుచున్నారు. వారు మంచుకాలమునకు ముందే తిరుగుముఖము పట్టుదురు గనుక వీరికి ఎదురుదిశలో ఎగురు పక్షు లనవచ్చును. బిడ్డల ఇల్లు విశాలము, వసతికి లోటులేదు. అయినను పగలంతయు ఇరువురును పనికి పోయిన యింట, కారు నడుపనేరక, మాటలాడువారు లేక కిటికీకడ కూర్చున్నామని తిరిగివచ్చినవారు చెప్పగా మనము విందుము. ఎడారిలోని ట్రెయిలరు వృద్ధునకు దొరకినది అచట వీరికి కొరవడినది - నడచిపోదగిన దూరమున తనవంటి మనిషి.

ఈనాడు హైదరాబాదు పొలిమేరలలోను, ఇతర నగరములలోను పెద్దలకై ప్రత్యేక నివాసములు కట్టబడుచున్నవి. వాని ప్రకటనలలో పాలరాతి గచ్చును, పూలతోటను చూపుదురు. అందు చేరదలచిన పెద్దలు మరి రెండు సంగతులు విచారించుట మంచిది. సాయంకాలము పదుగురు కూడి కూర్చుండు హాలు కలదా? నడువలేని దినమున ఆసుపత్రికి తోడు వచ్చు మనిషి కలడా? ఈ రెంటికిని జవాబు చిక్కిన పిమ్మట పాలరాతి సంగతి చూచుకొనవచ్చును.