రాకపోకలు – బొగ్గుపులుసు వాయువు



మన సీమలో ఘనపూరులు రెండు ప్రసిద్ధములు. ఒకటి జనగామ జిల్లాలోనిది. సికిందరాబాదు–కాజీపేట రైలుమార్గమున నుండుటచే స్టేషన్ ఘనపూరైనది. రెండవది భూపాలపల్లి జిల్లాలోనిది. కాకతీయులనాటి గణపసముద్రమునకును కోటగుళ్లకును పేరొందినది. నేటి ప్రసంగమునకు ఈ రెండును కావలసియున్నవి.

లీటరు డీజిలు మండినచో సుమారు 2.6 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు డీజిలు కిలో యైనను తూగదే, ఇంత బరువెట్లు వచ్చెనని మీరడుగవచ్చును. అందలి కర్బనము మండునప్పుడు గాలిలోని ప్రాణవాయువును కూడుకొనును. ఆ బరువే యిది. ఈ వాయువులో కొంత శతాబ్దములకొలది మింట నిలిచి, భూమినుండి పైకెగయు వేడిమిని కంబళివలె పట్టియుంచును. ఎండలు ముదురుటకును, వాన కురిసినప్పుడు కుండపోతగా కురియుటకును ఇది హేతువు. చెరువును నమ్మి సేద్యము చేయు మనకిది దూరపు మాట కాదు.

ఉపాయమేమి? 2024 నవంబరులో మన రాష్ట్రము విద్యుత్తుతో నడచు బండ్లకు 2026 డిసెంబరు వరకు రహదారి పన్ను మినహాయించినది. 2025 జనవరిలో ఓరుగల్లున ఆర్టీసీవారు విద్యుత్ బస్సులను నడుప మొదలిడిరి. మంచిదే. కాని ఆ విద్యుత్తెక్కడిది? రెండవ ఘనపూరు మండలములోని చెల్పూరున బొగ్గు కాల్చి విద్యుత్తు తీయు కేంద్రము కలదు. దాని సామర్థ్యము 1100 మెగావాట్లు. అట్టి విద్యుత్తుతో బండి నడచినచో పొగ కొంత తగ్గును గాని నశింపదు. బాటవిడిచి పొగగొట్టమునకు చేరును. కావున బండియు మారవలయును, విద్యుత్తును మారవలయును.

ఇది యొక యేటి పని కాదు. బస్సు పది పదునైదేండ్లు నడచును. తాపవిద్యుత్కేంద్రము దశాబ్దములు నడచును. నేడు కొన్నది మన మనుమల కాలమునకు పొగ నిర్ణయించును. మన దేశము 2070 నాటికి ఈ వాయువుల లెక్కను సున్న చేయుదునని 2021లో ప్రకటించినది. ఆ గడువునకు లెక్క నేటినుండియే మొదలిడవలయును. మంచి బండిని తుక్కు చేయుడని నేననను. దాని ఆయువు తీరిననాడు అట్టిదే మరల కొనకుడని మాత్రమే నా మనవి.

అంతవరకు చేయదగినది కలదు. పదిమంది పది మోటారుసైకిళ్లపై పోవుటకన్న ఒక్క బస్సున పోవుట మేలు. రైలు మరియు మేలు. రైలునకు బస్సు తోడుండవలెననుట కొత్త మాట కాదు. 1932లో నిజాము రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. రైలువేళకు బస్సు కుదురునట్లు గ్రామసభ తీర్మానము చేసి పంపవచ్చును. పెద్దలు ముందు నిలిచినచో పని సాగును.

గణపసముద్రమును కట్టించినవారు తమ యొక్క పంటకే కట్టింపలేదు. ఆ నీరు మనకును పారినది. మన తరువాతివారికి మనము విడిచిపోవు గాలి యెట్టిదో యోచింపుడని ప్రార్థించి సెలవు గైకొనుచున్నాను.